1968 అంబాసిడర్ బ్లాకు: 30 సైజు మీద 60 కొట్టించొచ్చా?

కొవ్వూరు_అంబీ

అందరికీ నమస్కారం. నాన్నగారి కారు, 1968 మార్క్ 2 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్. తొమ్మిదేళ్లుగా షెడ్డులో పడి ఉంది. ఆపేసే నాటికే ఆయిల్ బాగా తాగేది, వెనక నీలం పొగ. ఇప్పుడు ఇంజిన్ దింపి విప్పించాను. పిస్టన్ల నెత్తిన 030 అని గుద్ది ఉంది, అంటే అరిగిన సిలిండర్ రంధ్రాన్ని (బోర్) కోసి 30 సైజు (అంగుళంలో వెయ్యో వంతులు ముప్పై) పెద్దది చేసే బోరింగ్ ఇదివరకే ఒకసారి అయింది. బోర్ పైఅంచు దగ్గర వేలితో రాస్తే గోరుకి మెట్టు తగులుతోంది. నాలుగో సిలిండర్లో తుప్పు గుంటలు కూడా ఉన్నాయి. హెడ్ గ్యాస్కెట్ దగ్గర నీళ్లు దిగి, అక్కడే నిలిచిపోయినట్టున్నాయి.

ఒక షాపులో చూపిస్తే, గేజ్ కూడా తియ్యకుండా "60 కొట్టేద్దాం, అద్దంలా వచ్చేస్తుంది, పికప్ కూడా పెరుగుతుంది" అన్నారు. నాకేమో టెన్షన్. బ్లాకు (సిలిండర్లు ఉండే ఇనుప పోత) పోతే మళ్లీ ఇదే దొరకదు. ఏం చెయ్యమంటారు?

ఆటోనగర్_టర్నర్

బాబూ, బెజవాడ ఆటోనగర్‌లో 34 ఏళ్లు బోరింగ్ మిషన్ దగ్గర నిలబడ్డవాణ్ని. మోకాళ్లు సహకరించక ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నా. గేజ్ పెట్టకుండా సైజు చెప్పినవాడి చేతికి బ్లాకు ఇవ్వకు.

ముందు అరుగుదల చూడు. ఒక్కో సిలిండర్లో పైన, మధ్యన, కింద. ఒక్కో చోట క్రాంక్ (పిస్టన్ల కింద తిరిగే ఇరుసు) వెంబడి ఒక కొలత, దానికి అడ్డంగా ఇంకో కొలత. సిలిండర్‌కి ఆరు, బ్లాకుకి 24 అంకెలు. వర్నియర్‌తో కాదు, బోర్ గేజ్‌తో. గేజ్‌ని మైక్రోమీటర్‌కి సరిచూసుకున్నాకే మొదలుపెట్టాలి. అవన్నీ కాగితం మీద రాసి ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడదాం.

ఇంకోటి. నీళ్ల గది (సిలిండర్ల చుట్టూ చల్లబరిచే నీళ్లు తిరిగే ఖాళీ) వైపు నుంచి గోడ ఎంత తినేసిందో కంటికి కనపడదు. ఆ రోజుల్లో కూలెంట్ ఎవరు పోశారు? కుళాయి నీళ్లు, అవి లేకపోతే బోరు నీళ్లు. బోరు నీళ్లు తాగిన బ్లాకుని మళ్లీ బోరు కొట్టడమంటే కొంచెం ఆలోచించాల్సిందే.

పద్మిని_68x75

"పికప్ పెరుగుతుంది" అన్న మాట మీద నా లెక్క. ఈ ఇంజిన్ స్టాండర్డ్ బోర్ 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9. సైజు అంటే అంగుళంలో వెయ్యో వంతులు. 40 సైజు అంటే 1.016 మి.మీ. ఎక్కువ. అప్పుడు ఇంజిన్ 1531 సీసీ అవుతుంది. 60 అయితే 1552. మీది ఇప్పటికే 30 మీద ఉంది కాబట్టి 60కి వెళ్తే మీకు కొత్తగా వచ్చేది 31 సీసీ, నూటికి రెండు. అంబాసిడర్ బరువుకి అదెక్కడ తెలుస్తుంది? బోరింగ్ చేయించేది గుండ్రం కోల్పోయిన బోర్‌ని మళ్లీ గుండ్రంగా, నిటారుగా చెయ్యడానికి. శుభ్రమయ్యే అతి చిన్న సైజు దగ్గర ఆగాలి. తీసేసిన ఇనుముని మళ్లీ అతికించలేం కదా.

పాత_ఇనుము

చిన్న సవరణ, కోప్పడకండి. అంబాసిడర్‌ని వింటేజ్ అనకూడదు. కార్ల క్లబ్బుల్లో ఆ మాట 1930లకి, అంతకు ముందు వాటికే. ఇది క్లాసిక్.

ఆర్సీ_పురాణం

క్లబ్బుల లెక్క అది, రవాణా శాఖ లెక్క వేరు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకి చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారు వింటేజే. 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్‌కి 5,000. 1968 కారు అందులోకి వచ్చేసింది.

కానీ ఒక మెలిక ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో మార్పులు చేసే భారీ ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదు అంటుంది ఆ నియమం. రీబోరింగ్ మరమ్మతు కిందకే వస్తుందని నా అభిప్రాయం. బ్లాకే మార్చేస్తే మాత్రం ఇంజిన్ నంబరు ఆర్సీతో కలవదు. అక్కణ్నుంచి ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలే. అంబీ గారూ, అందుకని ఎలాగైనా ఈ బ్లాకునే కాపాడుకోండి.

కొవ్వూరు_అంబీ

ఆర్సీలో 1489 అనే ఉంది, నంబరూ కలుస్తోంది. టర్నర్ బాబాయ్ గారూ, రాజమండ్రిలో ఒకాయన దగ్గర కొలిపించాను. 24 అంకెలూ పెడితే పేజీ నిండిపోతుంది కాబట్టి ముఖ్యమైనవి ఇవి. అన్నిటికన్నా ఎక్కువ అరిగింది మూడోది: పైన అడ్డంగా 73.97, పైనే క్రాంక్ వెంబడి 73.88, కింద ఎటు చూసినా 73.80. ఒకటి, రెండు దానికన్నా నయం. నాలుగోది పైన 73.94, కాకపోతే తుప్పు గుంటల్లో లోతైనది 0.20 మి.మీ. ఉంది.

30 సైజు అంటే 73.787 కదా. 40 అంటే 74.041. 73.97 ఇంకా లోపలే ఉంది, అంటే 40తో సరిపోతుందనేనా?

ఆటోనగర్_టర్నర్

అలా తీసెయ్యకు బాబూ. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

పవర్ స్ట్రోక్‌లో కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది. అందుకని పిస్టన్ గోడకి ఒక పక్కనే గట్టిగా ఒరుసుకుంటుంది. అరుగుదల రెండు పక్కలా సమానంగా ఉండదు. నీ మూడో సిలిండర్లో 0.18 అరిగింది. అదంతా ఒకే పక్క అనుకో. పాత సెంటర్ వదలకుండా ఆ పక్కని శుభ్రం చెయ్యాలంటే రెండు పక్కలా 0.18 తియ్యాలి, అంటే 74.15 దాకా వెళ్లాలి. 40 దాటిపోయింది! రెండు పక్కలా సగం సగం అరిగి ఉంటే 40లో హాయిగా వచ్చేస్తుంది. నిజం ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

బద్ధకస్తుడు ఏం చేస్తాడంటే, అరిగిన పైభాగంలోనే బార్ (బోర్ కోసే మిషన్ కడ్డీ) సెంటర్ పట్టేస్తాడు. బోర్ శుభ్రంగా కనపడుతుంది, సెంటర్ మాత్రం ఒక పక్కకి జరిగిపోతుంది. సెంటర్ ఎప్పుడూ అరగని చోటే పట్టాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగు తిరగని అడుగుభాగంలో, లేదా మెట్టుకి పైన ఉన్న చిన్న పట్టీలో.

నీకు అసలు తలనొప్పి నాలుగోది. 30 నుంచి 40కి వెళ్తే గోడకి ఒక పక్కన పోయేది 0.127. గుంట 0.20 ఉందన్నావు. గుంట మిగిలిపోతుంది.

జీపు_బాబు

రింగు తిరిగే దారిలో గుంట మిగిలితే రింగుని కొరికేస్తుంది, ఆయిల్ దాక్కుంటుంది, మళ్లీ పొగ. మా మహీంద్రాలో చూశాను. నా ఓటు 60కే. 60లో ఒక పక్క 0.38 పోతుంది, గుంట మొత్తం ఎగిరిపోతుంది. పని ఖతం.

డెట్రాయిట్_తెలుగు

జీపు అన్నా, గుంట పోతుంది, గోడ సంగతేంటి? నేను ఇక్కడ మిషిగన్‌లో ఇంజిన్ బ్లాకుల మెషినింగ్ లైన్‌లోనే పనిచేస్తాను. ఆ రోజుల పోత పనిలో ఇసుక కోర్ (లోపలి ఖాళీ కోసం పెట్టే ఇసుక అచ్చు) కాస్త జరిగితే సిలిండర్ గోడ ఒక పక్క లావుగా, ఇంకో పక్క పల్చగా వచ్చేది. దానికి తోడు లోపలి తుప్పు. అంబీ అన్నా, అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్ దొరుకుతుందేమో చూడండి. బాయిలర్లు, పైపులు తనిఖీ చేసేవాళ్ల దగ్గర కచ్చితంగా ఉంటుంది. వంపు గోడ మీద ఆనాలి కాబట్టి చిన్న ప్రోబ్ కావాలి. పోత ఇనుములో శబ్దం ఉక్కులో కన్నా నెమ్మదిగా వెళ్తుంది. ఉక్కు సెట్టింగ్ మీదే పెట్టి కొలిస్తే గోడ ఉన్నదానికన్నా లావుగా చూపిస్తుంది. ఉన్న దాన్ని తక్కువ చూపిస్తే పోనీలే అనుకోవచ్చు, ఎక్కువ చూపిస్తే మునిగిపోతాం. అందుకని ముందు అదే బ్లాకులో మైక్రోమీటర్‌కి అందే అంచు ఏదైనా చూసుకుని, దాని మీద గేజ్ సరిచేయించండి.

ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగు దిక్కుల్లో, మూడు ఎత్తుల్లో చూడాలి. రోడ్డు మీద మామూలుగా తిరిగే బండికి, బోరింగ్ అయ్యాక పిస్టన్ ఒరుసుకునే పక్క 3 మి.మీ. మిగలాలని చాలామంది మెషినిస్టులు పెట్టుకునే గీత.

కొవ్వూరు_అంబీ

రెండు వారాలు పట్టింది, క్షమించాలి. కాకినాడ నుంచి పైపులు తనిఖీ చేసే ఒక కుర్రాడు వచ్చి కొలిచి వెళ్లాడు. కారు ఇంజిన్‌కి ఈ గేజ్ పెట్టడం అతనికీ ఇదే మొదటిసారట, సెల్ఫీ కూడా దిగాడు.

ఒక్కో సిలిండర్లో పల్చటి చోటు: ఒకటి 4.6, రెండు 4.4, మూడు 4.1. నాలుగు 3.1. అదీ పిస్టన్ ఒరుసుకునే పక్కనే.

పద్మిని_68x75

అయ్యో. 60 కొడితే 2.7.

జీపు_బాబు

సరే, 60 మాట వెనక్కి తీసుకుంటున్నా. నాలుగోదానికి ఒక్కదానికే స్లీవ్ (బోర్ లోపల దించే పల్చటి ఇనుప గొట్టం) వేసి, మిగతా మూడూ 40 చేసి, స్లీవ్‌ని కూడా 40కే తెస్తే? తక్కువ పనిలో తేలిపోతుంది.

ఆటోనగర్_టర్నర్

నేనైనా అదే చెప్పేవాణ్ని. ఆటోనగర్‌లో అలా ఎన్ని చేశామో లెక్కలేదు.

డెట్రాయిట్_తెలుగు

బాబాయ్ గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ని. ఈ లెక్క ఒకసారి చూసి తప్పుంటే చెప్పండి.

ఫినిష్ అయ్యాక స్లీవ్ గోడ 1.5 మి.మీ. ఉంటుందనుకుందాం. లోపల 40 సైజు, అంటే 74.04 కావాలంటే స్లీవ్ బయటి కొలత 77.04. దానికోసం పాత గోడలో ఒక పక్క దాదాపు 1.6 తియ్యాలి. 3.1లో 1.6 పోతే మిగిలేది 1.5.

అదే లోపల స్టాండర్డ్‌కి, అంటే 73.025కి తెచ్చుకుంటే స్లీవ్ బయటి కొలత 76.03 చాలు. గోడలో తీసేది 1.1. మిగిలేది 2 మి.మీ. దానికి స్లీవ్ 1.5 కలిస్తే మొత్తం 3.5.

అంటే స్లీవ్ వేసేటప్పుడు సైజు ఎంత పెంచితే బ్లాకుకి అంత నష్టం. స్టాండర్డ్‌కి రావడమే బ్లాకుకి మేలు. అప్పుడు నాలుగూ స్టాండర్డే ఉండాలి, ఒకటి చిన్నది మూడు పెద్దవి పెడితే పిస్టన్ల బరువు కలవదు. కాబట్టి నాలుగింటికీ స్లీవ్‌లు. సీసీ కూడా ఆర్సీలో ఉన్న 1489కే వస్తుంది, పురాణం గారికి పని తప్పుతుంది.

ఆటోనగర్_టర్నర్

కాగితం మీద వేసి చూశాను. నువ్వు చెప్పింది నిజమే. బోర్ దెబ్బతిన్న సిలిండర్‌కి స్లీవ్ వేసి మిగతా వాటి సైజుకి తెచ్చెయ్యడం మాకు చేతికి అలవాటైపోయింది. గోడలో ఎంత మిగులుతుందో కొలిచే పరికరమే మా దగ్గర లేదు. నీళ్లు కారితే అప్పుడు చూసేవాళ్లం.

ఇప్పుడు నేను చెప్పేది నువ్వు విను, ఇది కంప్యూటర్లో ఉండదు. స్లీవ్ కోసం బోర్ చేసేటప్పుడు కింద దాకా కొట్టెయ్యకూడదు. అడుగున సన్నటి మెట్టు వదలాలి, స్లీవ్ దాని మీద కూర్చోవాలి. లేకపోతే ఎప్పుడో ఒకరోజు కిందకి జారుతుంది. స్లీవ్ బయటి కొలత బోర్ కన్నా 0.05 దాకా ఎక్కువ ఉండాలి. సుత్తితో కొట్టి దింపకూడదు, ప్రెస్ మీద నిటారుగా దించాలి. ముందు రోజు రాత్రి స్లీవ్‌లు ఫ్రిజ్‌లో పెడితే సులువుగా దిగుతుంది. మా ఇంట్లో ఐస్ పెట్టెలో చేప కన్నా స్లీవ్‌లే ఎక్కువ ఉండేవి.

జీపు_బాబు

స్లీవ్ వేస్తే ఇంజిన్ వేడెక్కుతుందని మా మేస్త్రి అంటాడు మరి?

ఆటోనగర్_టర్నర్

స్లీవ్‌కీ గోడకీ మధ్య ఖాళీ ఉంటే వేడెక్కుతుంది. బోర్ గరుగ్గా, గాట్లు గాట్లుగా చేసి అందులో స్లీవ్ తోస్తే ఇనుముకి ఇనుము సగమే తగులుతుంది, వేడి నీళ్లకి చేరదు. అది స్లీవ్ తప్పు కాదు.

జీపు_బాబు

మా మేస్త్రి ఒప్పుకోడు లెండి.

వైజాగ్_1100

ఇంకా బోరింగ్ మొదలుకాలేదు కదా, అందుకే చెబుతున్నా. పిస్టన్లు చేతిలోకి రాకముందు బోర్ చేయించకండి. నా కథ వినండి. పిస్టన్లు దారిలో ఉన్నాయి కదా అని షాపువాళ్లు సైజు అంకెకి బోర్ చేసేశారు. వచ్చిన సెట్టు ఆ అంకె కన్నా కాస్త లావు. "సరిపోతుందిలే" అని బిగించారు. అనకాపల్లి దాటకుండానే ఇంజిన్ బిగుసుకుపోయింది. మూడో పిస్టన్ స్కర్ట్ (రింగుల కింది భాగం) మీద ఇంత మేర గీతలు. మళ్లీ బోరింగ్, మళ్లీ పిస్టన్లు, ఇంకో సైజు వృథా.

డెట్రాయిట్_తెలుగు

పైన అన్న చెప్పింది బంగారం. పిస్టన్‌ని స్కర్ట్ అడుగున, పిన్నుకి అడ్డంగా కొలవాలి. పిస్టన్ గుండ్రంగా ఉండదు, కావాలనే కోలగా చేస్తారు, నెత్తి దగ్గర సన్నగా కూడా ఉంటుంది. వేడెక్కాక సరైన ఆకారానికి వస్తుంది. నాలుగు పిస్టన్లనీ విడివిడిగా కొలిచి, ఏది ఏ సిలిండర్‌కో రాసిపెట్టి, పిస్టన్ తయారీదారు చెప్పిన క్లియరెన్స్ (పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు) కలుపుకుని ఆ బోర్ ఫినిష్ చెయ్యాలి.

బోరింగ్ బార్‌తో పూర్తి కొలతకి వెళ్లకూడదు. 0.05 నుంచి 0.08 దాకా వదిలి, అది హోనింగ్‌తో (రాళ్లతో సన్నగా అరగదీసే పని) తియ్యాలి. బార్ చేసే ఉపరితలం చిరిగినట్టు ఉంటుంది, హోన్ దాన్ని శుభ్రం చేసి ఆయిల్ నిలిచే అడ్డగీతలు వేస్తుంది. హోనింగ్ అయిన వెంటనే కొలవకండి. బ్లాకు వేడిగా ఉన్నప్పుడు బోర్ పెద్దదిగా చూపిస్తుంది, చల్లారాక చిన్నదైపోతుంది.

వీలైతే టార్క్ ప్లేట్ అడగండి. హెడ్ బిగించగానే స్టడ్ల లాగుడుకి సిలిండర్ కాస్త వంకరపోతుంది. హెడ్‌కి బదులు లావాటి ఇనుప ప్లేటు బిగించి హోన్ చేస్తే, నడిచేటప్పుడు ఉండే ఆకారంలోనే గుండ్రంగా వస్తుంది.

ఆటోనగర్_టర్నర్

ఆ ప్లేటు అంబాసిడర్‌కి ఎవరి దగ్గరా నేను చూడలేదు. కనీసం మెయిన్ బేరింగ్ క్యాపులు వాటి చోట్ల బిగించి బోర్ చెయ్యమను, అది ఎవరైనా చెయ్యగలరు. స్టడ్లు అన్నీ ఊడదియ్యాలి. బార్ బ్లాకు నెత్తి మీదే కూర్చుంటుంది కాబట్టి, నెత్తి చదునుగా లేకపోయినా, కింద చిన్న ఇనుప రజను ఇరుక్కున్నా బోర్ క్రాంక్‌కి నిటారుగా రాదు. ముందు స్కేలు ఆనించి ఫీలర్‌తో (సందు కొలిచే పల్చటి రేకు) చూడు. స్లీవ్‌లు దిగాక ఎలాగూ నెత్తి ఫేసింగ్ (చదును చేసే కోత) చెయ్యాలి, ఒక చూపు చూసి ఎంత తక్కువైతే అంత తియ్యమను.

కొవ్వూరు_అంబీ

నిర్ణయం అయిపోయింది: నాలుగూ స్లీవ్, స్టాండర్డ్ పిస్టన్లు. సెట్టు కొన్నాకే బ్లాకు పంపిస్తాను. బాబాయ్ గారూ, ఆటోనగర్‌లో ఎవరికివ్వాలో మీకు మెసేజ్ పెట్టాను.

ఆటోనగర్_టర్నర్

చూశాను. నేనూ ఆటోలో వచ్చి మిషన్ దగ్గర కూర్చుంటాలే. ఇంట్లో ఏం తోచట్లేదు.

కొవ్వూరు_అంబీ

పని అయింది! నాలుగో సిలిండర్ కోస్తున్నంతసేపూ నాకు ఊపిరాడలేదు. బాబాయ్ గారు మాత్రం బార్ చప్పుడు వింటూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఒకచోట చెయ్యెత్తి ఆపమన్నారు, చూస్తే టూల్ మొన విరగబోతోంది. స్లీవ్‌లు దిగాక నీళ్ల గదులన్నీ మూసి గాలి కొట్టి, సబ్బు నురగ రాసి చూశారు. ఎక్కడా బుడగ రాలేదు.

ఖర్చు అడగకండి, ఈ చర్చ మా ఆవిడ కూడా చదువుతుంది.

డెట్రాయిట్_తెలుగు

శుభం! బిగించే ముందు బ్లాకుని పెట్రోల్‌తోనో కిరసనాయిల్‌తోనో తుడిచి ఊరుకోకండి. హోన్ రాయి పొడి ఆ గీతల్లోనే ఉండిపోతుంది, కొత్త రింగుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్దండి. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి, అప్పటిదాకా రుద్దుతూనే ఉండాలి. తర్వాత గాలి కొట్టి, క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆయిల్ రాయాలి. మీ గోదావరి తేమకి పది నిమిషాల్లో ఎర్రబడుతుంది.

పద్మిని_68x75

రింగుల గ్యాప్ (రింగు రెండు కొనల మధ్య సందు) కూడా ఒక్కో రింగుని దాని బోర్‌లోనే పెట్టి చూడండి. బోర్ కొలతలో ఒక పాలు తేడా ఉంటే గ్యాప్‌లో మూడు పాళ్లకి పైనే కనిపిస్తుంది, చుట్టుకొలత కదా. కాబట్టి బోర్ ఎలా వచ్చిందో అది కూడా చెప్పేస్తుంది. పాత మేస్త్రులు బోర్ గేజ్ లేకుండా రింగుతోనే అరుగుదల పట్టేవాళ్లు.

కొవ్వూరు_అంబీ

నిన్న సాయంత్రం స్టార్ట్ అయింది. మూడో సెల్ఫుకి. మొదట ఐదు నిమిషాలు పొగ వచ్చింది, గుండె జారింది, అది బిగించేటప్పుడు రాసిన ఆయిలేనట, పోయింది. ఇవాళ కొవ్వూరు నుంచి రాజమండ్రి, బ్రిడ్జి మీదుగా వెళ్లి వచ్చాం. ఒకే స్పీడులో పోనివ్వకుండా పెంచుతూ, తగ్గిస్తూ నడపమన్నారు బాబాయ్ గారు. ఐడిల్‌లో ఊరికే ఉంచొద్దన్నారు కూడా. ఐదువందల కిలోమీటర్లకి ఆయిల్ మార్పు, హెడ్ మళ్లీ టార్క్, టాపెట్లు. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని, గేరు మార్చిన ప్రతిసారీ "క్లచ్, క్లచ్" అంటూనే ఉన్నారు.

జీపు_బాబు

వేడెక్కిందా?

కొవ్వూరు_అంబీ

సూది మధ్యలోనే ఉంది జీపు అన్నా. మీ మేస్త్రికి ఫోటో పంపిస్తాను.

వైజాగ్_1100

అంబీ గారూ, ఆ కాకినాడ కుర్రాడి నంబరు నాకు మెసేజ్ చెయ్యండి. నా ఫియట్ బ్లాకు కూడా చూపించుకోవాలి, ఇప్పటికే రెండుసార్లు బోరింగ్ అయింది.